ప్రత్యేక అవసరాల పిల్లల బడి ప్రయాణం: బస్సు సహాయకుల పని ఏమిటి, చట్టం ఏం చెబుతోంది?

దేశవ్యాప్తంగా పాఠశాలల్లో చదువుతున్న ప్రత్యేక అవసరాలు గల విద్యార్థులు 2021-22 విద్యాసంవత్సరంలో 22.67 లక్షల మంది ఉన్నట్లు కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదిక వెల్లడించింది. వీరికి బోధించే ప్రత్యేక ఉపాధ్యాయుల కొరతపై వ్యాజ్యాలు సుప్రీంకోర్టు వరకు వెళ్లాయి. ఎన్ని బడుల్లో ర్యాంపులు ఉన్నాయి, ఎన్నింటిలో అనువైన మరుగుదొడ్లు ఉన్నాయి అన్న లెక్కలూ ఏటా వెలువడుతున్నాయి. కానీ ఈ పిల్లలు ఇంటి గుమ్మం నుంచి తరగతి గది వరకు ఎలా చేరుతున్నారు, ఆ దారిలో వారి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, ఆ కూర్చున్నవారికి ఏం తెలిసి ఉండాలి అన్న ప్రశ్నలు చర్చకు వచ్చేది తక్కువ.

2011 జనగణన ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న వైకల్యం గల పిల్లల్లో 61 శాతం మంది విద్యాసంస్థలకు వెళ్తుండగా, దాదాపు 27 శాతం మంది ఎన్నడూ బడి ముఖం చూడలేదు. ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారిలో అలా బడికి దూరంగా ఉండిపోయినవారు 54 శాతం. పేదరికం, అవగాహన లేమి, ప్రత్యేక ఉపాధ్యాయులు లేకపోవడం వంటి కారణాలు చాలానే ఉన్నాయి. నడవలేని, మాట్లాడలేని, ఒంటరిగా వదలలేని బిడ్డను రోజూ ఎవరు తీసుకెళ్లి తీసుకురావాలన్నది మాత్రం ప్రతి ఇంట్లోనూ మొదట ఎదురయ్యే ప్రశ్న. అక్కడ సమాధానం దొరకకపోతే మిగతా సౌకర్యాలు ఎన్ని ఉన్నా ఆ బిడ్డకు అక్కరకు రావు.

పేరులేని ఉద్యోగం

ఈ పని చేసేవారికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. చట్టాల అనువాదాల్లో ‘సహాయకుడు’, ‘పరిచారకుడు’ అన్న మాటలు కనిపిస్తాయి. ప్రైవేటు పాఠశాలల వేతన పట్టికల్లో ‘బస్ అటెండెంట్’ లేదా ‘హెల్పర్’ అని రాస్తారు. పిల్లలు మాత్రం ‘ఆయమ్మ’ అని పిలుస్తారు; మగవారైతే ‘క్లీనర్ అన్న’. ఆయా అన్న మాట పోర్చుగీసు నుంచి భారతీయ భాషల్లోకి వచ్చింది. ఆ భాషలో ‘ఐయా’ అంటే పిల్లలను చూసుకునే దాది. క్లీనరు వాహనం తుడిచే మనిషి. అంటే వాడుకలో ఉన్న రెండు పేర్లలో ఒకటి ఇంటి పనిని, మరొకటి బండి పనిని సూచిస్తున్నాయి. మూర్ఛ వచ్చిన బిడ్డను కదిలే బస్సులో కాపాడే పనిని రెండూ సూచించవు. పేరు లేనిచోట శిక్షణ, అర్హత, వేతన శ్రేణి కూడా లేకపోవడం యాదృచ్ఛికం కాదు.

బస్సులో సహాయకులు ఉండాలన్న నిబంధనకు నేపథ్యం ఒక విషాదం. 1997 నవంబరులో ఢిల్లీలోని వజీరాబాద్ వద్ద విద్యార్థులతో నిండిన బస్సు యమునా నదిలో పడిపోయి 28 మంది చిన్నారులు మరణించారు. అనంతరం అదే ఏడాది ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పాఠశాల బస్సులకు సంబంధించి ఆదేశాలు జారీ చేసింది. బస్సుకు పసుపు రంగు, ముందూ వెనుకా ‘స్కూల్ బస్’ అన్న అక్షరాలు, కిటికీలకు అడ్డ కడ్డీలు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే సాధనం, గట్టిగా గడియపడే తలుపులు, పాఠశాల పేరు, ఫోన్ నంబరు వంటి నేడు అందరికీ పరిచయమైన ఏర్పాట్లు ఆ ఆదేశాల ఫలితమే. పిల్లలను చూసుకోవడానికి అర్హత గల సహాయకులు బస్సులో ఉండాలన్న షరతు కూడా అందులో ఉంది. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017 ఫిబ్రవరిలో తన పరిధిలోని పాఠశాలలకు ఈ జాగ్రత్తలను మరోసారి గుర్తుచేసింది.

అయితే ఆ ‘అర్హత’ అంటే ఏమిటి? ఆదేశాలు వెలువడిన కాలంలో దృష్టి అంతా అతివేగం మీద, కిక్కిరిసిన బస్సుల మీద ఉంది. వైకల్యం గల పిల్లలు సాధారణ పాఠశాలల బస్సుల్లో పెద్ద సంఖ్యలో ప్రయాణిస్తారన్న ఊహ అప్పటికి ఇంకా బలపడలేదు. అందువల్ల ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చేయి అందించే మనిషిగానే సహాయకుల పాత్ర స్థిరపడిపోయింది.

చట్టంలో హక్కు, అమలులో భత్యం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరిస్థితిని కాగితం మీద మార్చింది. 1995 నాటి పాత చట్టం గుర్తించిన 7 రకాల వైకల్యాల స్థానంలో కొత్త చట్టం 21 రకాలను చేర్చింది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, కండరాల క్షీణత, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. చట్టంలోని 16వ సెక్షను విద్యాసంస్థల బాధ్యతలను చెబుతూ, వైకల్యం గల పిల్లలకు రవాణా సదుపాయం కల్పించాలని, అధిక సహాయం అవసరమైన పిల్లల విషయంలో వారి సహాయకులకు కూడా ఆ సదుపాయం ఉండాలని స్పష్టం చేసింది. ప్రభుత్వ నిధులతో లేదా ప్రభుత్వ గుర్తింపుతో నడిచే విద్యాసంస్థలన్నింటికీ ఇది వర్తించేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వాలది, స్థానిక సంస్థలది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు సమీప పాఠశాలలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య పొందే హక్కును 31వ సెక్షను కల్పించింది.

ఇంతకంటే ముందే, విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో రూపొందించిన నిబంధనలు కూడా ఈ విషయాన్ని ప్రస్తావించాయి. వైకల్యం కారణంగా బడికి చేరలేని పిల్లలకు తగిన, సురక్షితమైన రవాణా ఏర్పాట్లు చేయాలని అవి నిర్దేశించాయి. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు పాఠశాల ఉండాలన్నది సాధారణ ప్రమాణం. నడవగలిగిన బిడ్డకు ఒక కిలోమీటరు ఏ పాటి? చక్రాల కుర్చీలో ఉన్న బిడ్డకు, మధ్యలో మురుగు కాలువ మీద రాతిబండ ఉన్న వీధిలో, వంద మీటర్లు కూడా దూరమే.

అమలులోకి వచ్చేసరికి దారి రెండుగా చీలుతుంది. పట్టణాల్లోని ప్రైవేటు బడులకు, స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రత్యేక పాఠశాలలకు బస్సులు, వ్యాన్లు ఉంటాయి. వాటిలో జీతానికి పనిచేసే ఆయాలు ఉంటారు. ప్రభుత్వ పాఠశాలల పిల్లల విషయంలో బస్సు బదులు భత్యం వస్తుంది. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలు గల ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల చొప్పున కేటాయింపు ఉంది. ఉపకరణాలు, రవాణా భత్యం, బిడ్డ వెంట వచ్చే మనిషికి ఇచ్చే ఎస్కార్ట్ భత్యం వంటివన్నీ ఆ పద్దులోనివే. బాలికలకు ఇచ్చే నెలకు 200 రూపాయల ఉపకారవేతనం వేరు.

ఆ 3,500 రూపాయలను మరే అవసరానికీ వాడకుండా మొత్తం రవాణాకే వెచ్చించినా, ప్రాథమిక తరగతులకు చట్టం నిర్దేశించిన 200 పనిదినాలకు లెక్కిస్తే రోజుకు 17 రూపాయల 50 పైసలు వస్తుంది. రానూ పోనూ ఆటో చార్జీకే అది చాలదు. ఇక వెంట వెళ్లే మనిషి కూలి సంగతి చెప్పనక్కరలేదు. ఆ మనిషి చాలా ఇళ్లలో తల్లే. ఉదయం బిడ్డను దింపి, మళ్లీ తీసుకురావడానికి బడి ఆవరణలోనే వేచి ఉండే తల్లులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల్లోని భవిత కేంద్రాల దగ్గర తరచుగా కనిపిస్తారు. ఫిజియోథెరపీ, ప్రత్యేక బోధన అందించే ఈ కేంద్రాలకు బిడ్డ రావాలంటే ఆ రోజు తల్లి ఉపాధి హామీ పనికో, పొలం పనికో వెళ్లడం మానుకోవాలి. ప్రభుత్వ లెక్కల్లో ఆమె ఎస్కార్టు. వాస్తవంలో జీతం లేని బస్సు సహాయకురాలు, బస్సు కూడా లేనిది.

బస్సులో జరిగే పని

బస్సు ఉన్నచోట పని ఎలా ఉంటుంది? మొదటి పిల్లవాడు ఎక్కడానికి చాలా ముందే అది మొదలవుతుంది. ఆ రోజు ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎవరికి జ్వరం తగ్గి మళ్లీ వస్తున్నారు అన్నది తెలుసుకోవాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది అన్నింటికంటే చిక్కైన లెక్క. అరుపులు భరించలేని బిడ్డను, ఆగకుండా శబ్దాలు చేసే బిడ్డను పక్కపక్కన కూర్చోబెడితే ఇద్దరికీ నరకమే. మూర్ఛ వచ్చే అవకాశమున్న పిల్లలు సహాయకుల చూపు మేరలో ఉండాలి. తలుపు గడియ తీయడం అలవాటున్న పిల్లవాడు తలుపు దగ్గర ఉండకూడదు. మొదట ఎక్కినవారు అందరికంటే ఎక్కువసేపు బస్సులో ఉంటారు కనుక, ఎక్కువసేపు కూర్చోలేని పిల్లలను చివర ఎక్కించుకునేలా దారి మార్చమని డ్రైవరుకు చెప్పగలగాలి. ఈ లెక్క కాగితం మీద ఉండదు. ఏళ్ల తరబడి అదే దారిలో తిరిగిన ఆయమ్మ మనసులో ఉంటుంది. ఆమె ఒక రోజు సెలవు పెడితే బస్సు మొత్తం తారుమారవుతుంది.

చక్రాల కుర్చీతో ప్రయాణించే పిల్లల విషయంలో నియమాలు కచ్చితమైనవి. కుర్చీ ముఖం బస్సు ముందుభాగం వైపు ఉండాలి. బ్రేకులు వేసినంత మాత్రాన కుర్చీ నిలవదు. ముందు రెండు, వెనుక రెండు, మొత్తం నాలుగు పట్టీలతో దాని చట్రాన్ని బస్సు నేలకు బిగించాలి. పట్టీలను చక్రాలకో, ఊడివచ్చే పాదాల పీటలకో కట్టకూడదు. కుర్చీని బిగించే పట్టీలు వేరు, బిడ్డను కాపాడే నడుము, భుజం బెల్టులు వేరు. కుర్చీకే ఉండే నడుము పట్టీ బిడ్డ ఒరిగిపోకుండా ఉంచడానికి మాత్రమే. ప్రమాదంలో అది ఆపదు. ఒడిలో ఉండే పళ్లెం లాంటి బల్లను తీసి విడిగా భద్రపరచాలి. 2020 మార్చి 1 నుంచి బస్సుల్లో చక్రాల కుర్చీ ఎక్కే, నిలిపే, బిగించే ఏర్పాట్లు, ఊతకర్రలు భద్రపరిచే చోటు ఉండాలని కేంద్ర రవాణాశాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. అంతకుముందు నుంచీ తిరుగుతున్న పాత బస్సుల్లో మాత్రం పిల్లలను చేతులతో ఎత్తి సీటులో కూర్చోబెట్టడం, కుర్చీని మడిచి వెనుక పడేయడం మామూలుగా కనిపించే దృశ్యం.

ఎత్తడమన్నది బలానికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది గానీ, దానికి తెలివిడి కావాలి. కండరాల క్షీణత ఉన్న పిల్లలను చంకల కింద చేతులు పెట్టి లేపకూడదు. భుజాల కండరాలు పట్టు కోల్పోయి ఉంటాయి కనుక బిడ్డ చేతుల్లోంచి జారిపోతాడు, కీలు తప్పే ప్రమాదమూ ఉంది. మస్తిష్క పక్షవాతం ఉన్న బిడ్డ బిగుసుకుపోయిన కాళ్లను బలవంతంగా చాపితే బిగువు ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా మోకాళ్ల దగ్గర వంచితే సడలుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది కాబట్టి మెడ మీద కుదుపు పడకుండా చూడాలి. హీమోఫీలియా ఉన్న పిల్లవాడికి సీటు అంచు మోకాలికి తగలడం చిన్న విషయం కాదు. పైకి రక్తం కనిపించకపోయినా కీలులోపల రక్తస్రావం కావచ్చు. ఆ సంగతి సాయంత్రం వరకు ఆగకుండా వెంటనే తల్లిదండ్రులకు చేరాలి.

ఆటిజం ఉన్న పిల్లలకు అలవాటైన క్రమం తప్పడమే పెద్ద దెబ్బ. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం రోజుల్లో దారి మళ్లింపులు, డీజే మోతలు ఒకేసారి వచ్చిపడతాయి. రోజూ కుడివైపు తిరిగే మలుపు దగ్గర బస్సు ఎడమవైపు తిరిగితే కొందరు పిల్లలు హఠాత్తుగా తల బాదుకోవడం, చేయి కొరుక్కోవడం, బెల్టు విప్పుకొని లేవడం జరుగుతుంది. దాన్ని మొండితనంగా భావించి గద్దించినవారు పరిస్థితిని మరింత దిగజారుస్తారు. ముందురోజే చెప్పి ఉంచడం, బొమ్మల కార్డుతో మారిన దారిని చూపడం, చెవులకు శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు పెట్టడం, తక్కువ మాటలతో ఒకే సూచనను అదే వరుసలో మళ్లీ చెప్పడం పనిచేస్తాయి. దృష్టిలోపం ఉన్న పిల్లలకు బస్సు ఎక్కడ ఉన్నదీ నోటితో చెబుతూ ఉండాలి. వినికిడి లోపం ఉన్నవారి విషయంలో వెనుకనుంచి భుజం పట్టుకోకుండా, ముందుకు వచ్చి ముఖం కనిపించేలా నిలబడి సైగ చేయాలి.

మూర్ఛ వస్తే చేయాల్సింది, చేయకూడనిది

సహాయకుల శిక్షణలో మిగతావి ఎలా ఉన్నా ఇది ఒక్కటి తప్పనిసరి. ఫిట్స్ రాగానే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఉంచడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నలుగురు కలిసి కాళ్లూ చేతులూ అదిమిపట్టడం తెలుగునాట ఇప్పటికీ చూస్తున్నవే. ఇనుము మూర్ఛను ఆపదు. మూర్ఛ దానంతట అది సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంది. అప్పుడే తాళాలు పెట్టి ఉంటారు కనుక ఘనత వాటికి దక్కుతుంది. నోట్లో పెట్టిన వస్తువు వల్ల పళ్లు విరగవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు.

చేయాల్సింది సులువే, గుర్తుంచుకోవడమే కష్టం. మొదట గడియారం చూడాలి. డ్రైవరు బస్సును పక్కకు తీసి ఆపాలి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న గుండీ, టై వదులు చేయాలి. తల దేనికీ కొట్టుకోకుండా మెత్తని సంచి అడ్డుపెట్టాలి. వీలున్నచోట బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చొంగ, వాంతి గొంతులోకి పోకుండా బయటికి వస్తాయి. చక్రాల కుర్చీలో బిగించి ఉన్న బిడ్డను, శ్వాసకు ఇబ్బంది లేనంతవరకు, అందులోనే ఉంచి తలకు ఆసరా ఇవ్వాలి. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే మరొకటి మొదలైనా, దెబ్బ తగిలినా, ఇదివరకు ఎన్నడూ ఫిట్స్ రాని బిడ్డకు వచ్చినా 108కు ఫోన్ చేయాలి. పూర్తిగా తెలివి వచ్చేవరకు నీళ్లు కూడా తాగించకూడదు. మిగతా పిల్లలు బెదిరిపోకుండా చూడటం కూడా అదే సమయంలో, అదే మనిషి చేయాల్సిన పని. అందుకే ఇలాంటి బస్సుల్లో ఒక్క సహాయకురాలు సరిపోతారనుకోవడం తప్పు.

వేసవిలో మరో ముప్పు పొంచి ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంటిదారి పడతారు. స్పైనా బిఫిడా వంటి వెన్నుపాము లోపాలున్న పిల్లలకు నడుము కింద స్పర్శ ఉండకపోవచ్చు. ఎండకు కాలిన బెల్టు బకిల్ తొడకు ఆని చర్మం పొక్కినా వారికి తెలియదు. బకిల్‌ను ముందుగా తాకి చూడటం, గుడ్డ చుట్టడం పెద్ద ఖర్చున్న పనులు కావు. దాహమని చెప్పలేని పిల్లలకు అడగకుండానే నీళ్లు పట్టాలి, అయితే మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి కదిలే బస్సులో పట్టకూడదు. ఈ రెండింటిలో ఎవరు ఏ కోవకు వస్తారో ఇంటివారు చెప్పకపోతే సహాయకులకు తెలిసే మార్గం లేదు.

చెప్పలేని పిల్లల భద్రత

బస్సులో ఏం జరిగిందో ఇంటికి వెళ్లి చెప్పగలగడం మామూలు పిల్లలకు ఉన్న రక్షణ. ఈ పిల్లల్లో చాలామందికి ఆ రక్షణ లేదు. తోటి పిల్లవాడు గిల్లినా, డ్రైవరు తిట్టినా, అంతకంటే ఘోరం జరిగినా మాటల్లో బయటపడదు. ఇంటికి రాగానే మూలన నక్కడం, పసుపు బస్సును చూడగానే ఏడవడం, పక్క తడపడం మళ్లీ మొదలవడం వంటివే సంకేతాలు. సహాయకులు పిల్లలకు రక్షకులు కావచ్చు. పర్యవేక్షణ లేకపోతే వారే ముప్పు కూడా కావచ్చు. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పుకోక తప్పదు. బిడ్డ శారీరక, మానసిక వైకల్యాన్ని ఆసరాగా చేసుకొని లైంగిక దాడికి పాల్పడటాన్ని 2012 నాటి పోక్సో చట్టం తీవ్రతరమైన నేరంగా పరిగణిస్తుంది. అలాంటి నేరం జరిగిందని, జరగబోతోందని తెలిసిన ఎవరైనా పోలీసులకు సమాచారం ఇవ్వడం విధి; ఇవ్వకపోవడం శిక్షార్హం. దివ్యాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షను కింద వైకల్యం గల వ్యక్తిని ఉద్దేశపూర్వకంగా అవమానించినా, సంరక్షణలో ఉన్నవారికి కావాలని తిండి, నీళ్లు ఇవ్వకపోయినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

యుక్తవయసుకు వచ్చిన ఆడపిల్లలకు సహాయం చేసేది మహిళలే కావాలి. ఎత్తే ముందు, బెల్టు పెట్టే ముందు ‘ఇప్పుడు నడుము దగ్గర పట్టుకుంటున్నాను’ అని చెప్పి తాకాలి. ఆ పిల్ల తిరిగి జవాబివ్వలేకపోయినా సరే. చిన్న నియమంలా కనిపించే ఈ అలవాటు వల్ల, చెప్పకుండా తాకేవారెవరో బిడ్డకు తేడా తెలుస్తుంది.

బిడ్డను అప్పగించడంలోనూ పట్టింపు ఉండాలి. ఇంట్లో ముందుగా పేరు ఇచ్చినవారికి తప్ప, ఎదురింటివారు, వీధిచివర దుకాణదారు ఎంత పరిచయస్తులైనా అప్పగించకూడదు. తీసుకునేవారు లేకపోతే బిడ్డను బస్సులోనే ఉంచి పాఠశాలకు తెలియజేయాలి. చివరి బిడ్డ దిగాక సహాయకురాలు బస్సు చివరి సీటు వరకు నడిచి, సీట్ల కింద కూడా చూసి దిగాలి. మందుల ప్రభావంతో గాఢంగా నిద్రపోయే పిల్లలు, సీటు కింద దాక్కునే పిల్లలు ఈ బస్సుల్లో ఉంటారు. తలుపులు వేసిన బస్సు ఎండలో ఎంత వేగంగా వేడెక్కుతుందో తెలిసినవారెవరూ ఈ నడకను తేలిగ్గా తీసుకోరు.

శిక్షణ ఎక్కడ, జీతం ఎంత

ప్రత్యేక ఉపాధ్యాయులు, వాక్చికిత్సకులు వంటి నిపుణులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు చేసుకోవాలి. బస్సు సహాయకులకు అలాంటి నమోదు లేదు, తప్పనిసరి కోర్సూ లేదు. వారికి ఉపయోగపడే శిక్షణలు అసలే లేవని కాదు. 1999 నాటి చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్టు ‘సహయోగి’ పేరిట సంరక్షకుల శిక్షణ పథకాన్ని నిర్వహిస్తోంది. పునరావాస మండలి 2021లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం సహకారంతో ఆరు నెలల సామాజిక ఆధారిత కోర్సును ప్రారంభించింది. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ తెలుగువారికి దగ్గరలోనే ఉంది. కానీ ఇంటి సంరక్షణను, గ్రామస్థాయి పనిని దృష్టిలో పెట్టుకున్న పాఠాలకు, కదిలే బస్సులో పదిహేను మంది పిల్లల మధ్య చేసే పనికి మధ్య ఖాళీ మిగిలే ఉంది. పాఠశాలలు తలచుకుంటే ఫిజియోథెరపిస్టుతో రెండు రోజులు, ప్రత్యేక ఉపాధ్యాయులతో రెండు రోజులు, ఏడాదికి రెండుసార్లు బస్సు ఖాళీ చేసే కసరత్తుతో ఈ ఖాళీని చాలావరకు పూడ్చవచ్చు. మంటలు లేచినప్పుడు బిగించిన పట్టీలను విప్పే సమయం ఉండదు. వాటిని కోసే కత్తెర ఎక్కడుందో, బిడ్డను దుప్పటి మీద ఎలా లాగాలో ముందే చేసి చూసి ఉండాలి.

ఈ పనిలో ఉన్నవారిలో ఎక్కువమంది మహిళలు, ఎక్కువమంది కాంట్రాక్టు పద్ధతిలో ఉన్నవారు. తెల్లవారుజామునే బస్సు ఎక్కి, పిల్లలను దింపాక మధ్యాహ్నం వరకు గదులు ఊడ్చి, మళ్లీ సాయంత్రం బస్సులో తిరిగి చీకటి పడేవేళకు ఇల్లు చేరడం చాలాచోట్ల కనిపించే దినచర్య. పనివేళలు రెండు ముక్కలు కావడం వల్ల రోజు మొత్తం బడికే పోతుంది. జీతం లెక్కించేటప్పుడు మాత్రం బస్సులో ఉన్న గంటలే గుర్తుకొస్తాయి. వేసవి సెలవుల్లో జీతం ఇవ్వని యాజమాన్యాలూ ఉన్నాయి. ఏటేటా బరువు పెరిగే పిల్లలను ఎత్తి ఎత్తి నడుము నొప్పి పాలైనవారు పని మానేస్తారు, వారితోపాటు ఆ బస్సులోని పిల్లల గురించి వారికి తెలిసినదంతా పోతుంది. కొత్తగా వచ్చినవారు మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే కాలంలో నష్టపోయేది పిల్లలు. జీతం ప్రశ్నను పిల్లల భద్రత నుంచి విడదీసి చూడలేకపోవడానికి కారణం ఇదే.

అమెరికాలో ఈ ఏర్పాటు వేరుగా ఉంటుంది. 1975 నాటి చట్టం నుంచి వైకల్యం గల పిల్లల రవాణాను అక్కడ విద్యకు అనుబంధ సేవగా పరిగణిస్తున్నారు. ఒక్కో విద్యార్థికి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి రాసుకునే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో, ఆ బిడ్డకు బస్సులో సహాయకులు అవసరమైతే ఆ విషయాన్ని కూడా చేర్చవచ్చు. చేర్చాక ఆ సేవ అందించడం పాఠశాల జిల్లా బాధ్యత. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ సమావేశంలో చదువు, స్పీచ్ థెరపీ గురించి మాట్లాడి రవాణా మాట మరచిపోతే, తర్వాత దాన్ని చేర్పించడానికి మరో సమావేశం కోరాల్సి వస్తుంది. సహాయకుల కొరత అక్కడా ఉంది. తేడా ఏమిటంటే, అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఇక్కడి తల్లిదండ్రులు విద్యాసంవత్సరం ఆరంభంలోనే అలాంటి కాగితాన్ని తామే తయారుచేసుకోవచ్చు. బిడ్డ ఫొటో, ఇంట్లో పిలిచే ముద్దుపేరు, వాడే మందులు, మూర్ఛ వచ్చే ముందు కనిపించే లక్షణాలు, దేనికి భయపడతారు, ఏం చేస్తే శాంతిస్తారు, నొప్పిని, దాహాన్ని, మూత్రానికి వెళ్లాలన్న అవసరాన్ని ఎలా తెలుపుతారు, ఎలా ఎత్తాలి, ఎవరికి అప్పగించాలి అన్న వివరాలు తెలుగులో, ఒక్క పేజీలో, పెద్ద అక్షరాలతో రాసి సహాయకురాలికి, డ్రైవరుకు, పాఠశాలకు ఒక్కో ప్రతి ఇవ్వాలి. ఆంగ్లంలో ఉన్న వైద్యుడి చీటీ బస్సులో ఎవరికీ ఉపయోగపడదు. ఆ వివరాలు ఇతర తల్లిదండ్రుల చెవిన పడకుండా చూడటం సహాయకుల విధి. రాత్రి నిద్ర పట్టిందా, ఉదయం మందు వేశారా అన్నది రోజువారీ డైరీలో రెండు ముక్కలు రాస్తే చాలు. వైద్యుడి లిఖితపూర్వక సూచన, తల్లిదండ్రుల అనుమతి లేకుండా బస్సులో మందు ఇవ్వమని సహాయకులను కోరకూడదు.

రవాణా నిరాకరించినా, వైకల్యం పేరుతో బస్సులో ఎక్కించుకోకపోయినా, అదనపు రుసుము అడిగినా మొదట పాఠశాల యాజమాన్యానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ప్రభుత్వ పాఠశాలల విషయంలో, ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 23వ సెక్షను చెబుతోంది. అక్కడ ఫలితం లేకపోతే అదే చట్టం కింద నియమితులయ్యే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు. బిడ్డకు అధిక సహాయం అవసరమని భావించే కుటుంబాలు 38వ సెక్షను కింద, ప్రభుత్వం నిర్దేశించిన అధికారికి దరఖాస్తు చేసుకుంటే, మదింపు మండలి పరిశీలించి నిర్ణయిస్తుంది. ఆ ధ్రువీకరణ చేతిలో ఉంటే, 16వ సెక్షను ప్రకారం బిడ్డతోపాటు సహాయకులకు కూడా రవాణా సదుపాయం కోరడానికి ఆధారం దొరికినట్లే.